కట్టుడు పళ్ల గదికి పర్మిషన్

నేను చేసే పని ఏమిటో చెప్పగానే ఎవరైనా ముందు నా నోటి వైపు చూస్తారు. నా పళ్లు నావే. నేను చేసేవి ఇతరుల పళ్లు. పళ్ల డాక్టరు రోగి నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి కట్టుడు పళ్ల సెట్టు తయారుచేసి తిరిగి పంపుతాను. పెళ్లికి ముందే ఈ పని నేర్చుకున్నాను. పెళ్లయి లాల్‌దర్వాజాకు వచ్చాక మలక్‌పేటలో ఒక చిన్న ల్యాబులో చేరి, ఏళ్ల తరబడి అక్కడే చేశాను.

ఆ ల్యాబు యజమాని ఉన్నట్టుండి తన దుకాణాన్ని నగరం అవతలి కొసకు మార్చేశాడు. అద్దాల బిల్డింగులున్న వైపైతే పెద్ద డాక్టర్లు దొరుకుతారని ఆయన లెక్క. నన్నూ రమ్మన్నాడు. ఓసారి వెళ్లి చూశాను. బస్సు దిగి బస్సెక్కి అక్కడికి చేరేసరికే సగం ఓపిక అయిపోయింది. పళ్లు అమర్చే పనికి చెయ్యి వణకకూడదు. బస్సులో కడ్డీ పట్టుకుని అంతసేపు వేలాడిన చేత్తో ఆ పని కాదు. రానని చెప్పేశాను.

ఇంటికొచ్చి దిగులుగా కూర్చున్నాను. పాతబస్తీలో నా పని ఎరిగిన డాక్టర్లు కొందరున్నారు. వాళ్లలో ఒక డాక్టరమ్మ ఫోన్ చేసి, అచ్చులు మీ ఇంటికే పంపిస్తాను, ఇంట్లోనే చేసి ఇవ్వకూడదా అని అడిగింది. ఆ మాట నేను అంతకుముందు అనుకోనిది కాదు. ఇంకొకరి నోట విన్నాక మాత్రం ధైర్యం వచ్చింది. మా ఆయన నయాపూల్ దగ్గర కోర్టులో అటెండర్. ఆయనకు చెబితే, ముందుగదిలో టీవీ తీసి లోపల పెడదాం, దివాన్ అమ్మేద్దాం అన్నాడు. ఆ ఆదివారమే రెండు పనులూ అయిపోయాయి.

మాది అద్దె ఇల్లు. కింద ముందు భాగం మాది, వెనక భాగంలో ఇంటి ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది. పైన ఒక డ్రైవర్, అతని భార్య. మెట్లు ఒకటే, నల్లా ఒకటే. గల్లీ ఎంత సన్నం అంటే, ఎదురింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. అలాంటి చోట ముందుగదిలో గోడకు ఆనించి చెక్కబల్ల ఒకటి బిగించి, దాని మీద పాలిష్ మోటారు పెట్టించాను. కిటికీ పక్కన స్టవ్వు. గూట్లో ప్లాస్టర్, మైనం, రంగురంగుల పళ్ల పెట్టెలు. తెలుపులో ఎన్ని రకాలుంటాయో ఆ పెట్టెలు చూస్తేనే తెలుస్తుంది. చుట్ట కాల్చే ముసలాయనకు పాలలాంటి పళ్లు పెడితే నవ్వినప్పుడల్లా అబద్ధం ఆడినట్టు ఉంటుంది.

పని తీరు ఇదీ. డాక్టరు పంపిన అచ్చులో ప్లాస్టర్ కలిపి పోస్తే దవడ ఆకారం వస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్లు కట్టి, ఒక్కో పన్నూ అమరుస్తాను. తర్వాత మైనాన్ని కరిగించి తీసేసి, దాని స్థానంలో గులాబీరంగు ముద్ద నింపి, ఇత్తడి డబ్బాలో బిగించి నీళ్లలో ఉడికిస్తాను. చల్లారాక బయటకు తీసి, గీకి, మోటారు మీద మెరుగు పెడతాను. నా సొంత బల్ల మీద మొదటి సెట్టు తయారైన రోజున దాన్ని గ్లాసు నీళ్లలో వేసి కిటికీలో పెట్టి, ఎండ పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, అన్నం వండలేదా అని అడిగేదాకా పొద్దు తెలియలేదు.

ప్లాస్టర్ దవడలు ఆరడానికి డాబా పిట్టగోడ మీద వరసగా పెట్టేదాన్ని. అదే నేను చేసిన తెలివితక్కువ పని. బట్టలు ఆరేయడానికి పైకి వచ్చిన పక్కింటామె వాటిని చూసి కెవ్వుమంది. సాయంత్రానికల్లా గల్లీలో మాట పాకింది. శ్మశానం నుంచి ఎముకలు తెచ్చి ఏదో చేస్తున్నానని ఒకరు, మందుల కంపెనీకి అమ్ముతున్నానని ఇంకొకరు. ఓనరమ్మ కర్ర పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చి, ఒక దవడను కర్రతో తట్టి చూసింది.

“ఏంది బిడ్డా, మనుషుల దవడలు గిట్ల వడియాల తీర్గ ఎండవెడ్తున్నవ్?” అంది.

చేతిలో పెట్టి చూపించాను. సున్నంలాంటి ప్లాస్టరేనని తెలిసి నవ్వింది. ఆ రోజు నుంచి వాటిని మా స్నానాలగది పైన అటక మీద ఆరబెట్టుకున్నాను. గోల సద్దుమణిగిందనే అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, మధ్యాహ్నం పూట, మున్సిపల్ ఆఫీసు మనిషి ఒకాయన వచ్చాడు. నా పేరు అడిగి, కాగితం ఇచ్చి సంతకం చేయించుకున్నాడు. మనుషులు కాపురముండే ఇంట్లో అనుమతి లేకుండా యంత్రం పెట్టి వర్క్‌షాపు నడుపుతున్నట్టు ఫిర్యాదు వచ్చిందనీ, వచ్చి జవాబు చెప్పుకోవాలనీ, అప్పటిదాకా యంత్రం నడపవద్దనీ అందులో ఉంది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కానీ గల్లీ మొత్తం గడపల్లోకి వచ్చి చూసింది. తలుపు వేసుకుని లోపలికి వచ్చాక నా చెవులు వేడెక్కి ఉన్నాయి. జీవితంలో నేను ఎవరి దగ్గరా తలవంచుకుని నిలబడే పని చేయలేదు. ఇంట్లో కూర్చుని పళ్లు చేసుకునేదానికి నోటీసు వచ్చింది.

ఎవరిచ్చి ఉంటారా అని గల్లీలోని ఒక్కో మొహాన్నీ గుర్తు తెచ్చుకున్నాను. దవడలు చూసి అరిచిన పక్కింటామె మీద అనుమానం పడింది. ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. పాపం, ఆమెకేమీ తెలియదని తర్వాత తేలింది.

మోటారు మీద పాత చీర కప్పేశాను. చేతిలో ఉన్న సెట్లు మాత్రం డాక్టర్లకు ఇచ్చి తీరాలి. ఎక్కడో ఎవరో పళ్లు లేకుండా పులుసులో నానబెట్టిన అన్నం మింగుతూ ఎదురుచూస్తుంటారు. మైనం పని ఇంట్లో చేసుకుని, ఉడికిన సెట్లను టిఫిన్ బాక్సులో పెట్టుకుని, బస్సెక్కి మలక్‌పేట వెళ్లేదాన్ని. అక్కడ పాత స్నేహితురాలు ఒకామె వేరే ల్యాబులో పనిచేస్తోంది. ఆమె మోటారు ఖాళీగా ఉన్నప్పుడు మెరుగు పెట్టుకుని వచ్చేదాన్ని. ఒకరోజు బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ, బాక్సులో ఏం కూర తెచ్చుకున్నవ్ బిడ్డా అని అడిగింది. వంకాయ అని చెప్పాను.

జవాబు చెప్పుకోవడానికి మున్సిపల్ ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్లాను. మా ఆయన వస్తానన్నాడు గానీ, సెలవు దండగని నేనే వద్దన్నాను. ఇంటి ప్లాన్లు చూసే విభాగంలో ఒక ఆఫీసరమ్మ ఉంది. నా ఈడుదే. బల్ల మీద ఫైళ్ల మధ్య సగం తిన్న జామకాయ ఉంది. అరుస్తుందనుకుని, ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చిన మాటలన్నీ గబగబా చెప్పేశాను. నేను దొంగతనం చేయడం లేదనీ, ఎవరి నోటి దగ్గర కూడు తీయడం లేదనీ, ఇంకా నోటికి బువ్వ అందేలా చేస్తున్నాననీ అన్నాను. ఆమె మొత్తం విని, కూర్చోండమ్మా అంది. అప్పుడు గానీ నేను నిలబడే ఉన్నానని నాకు తెలియలేదు.

“నివాస ప్రాంతం అంటే ఎవరూ ఇంట్లో పని చేసుకోకూడదని కాదు. కాపురం ఉంటూ, ఇంట్లో కొద్ది భాగంలో, ఇంటి మనుషులే చేసుకునే చిన్న పనికి వీలుంది. మోటారు చిన్నదై ఉండాలి. చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది ఉండకూడదు. అనుమతి మాత్రం తీసుకోవాలి. మీరు తీసుకోలేదు, అంతే,” అంది.

ఇంటి యజమాని ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలనీ, ఫిర్యాదు సంగతి తేలాలనీ, ఆ రెండూ అయితే తానే స్వయంగా వచ్చి ఇల్లు చూస్తాననీ చెప్పింది. ఫిర్యాదు ఎవరిదని అడిగాను. పేరు చెప్పడం కుదరదంది. ఏమని రాశారో మాత్రం చెప్పింది. మోటారు చప్పుడుకు పగటిపూట నిద్ర పట్టడం లేదని రాశారట.

బయటికొచ్చి, మా ఆయనకు చెప్పాలని నేరుగా నయాపూల్ బస్సెక్కాను. దారంతా అదే మాట మెదిలింది. పగటిపూట నిద్ర. మా గల్లీలో పగలు పడుకునేది ఎవరు? బస్సు బ్రిడ్జి ఎక్కుతుండగా తట్టింది. మా పైన ఉండే డ్రైవర్. దూరపు ఊళ్లకు రాత్రిపూట పోయే బస్సు నడుపుతాడు. తెల్లారి వచ్చి పడుకుంటాడు.

కోపం ఎంత వచ్చిందంటే, కోర్టు గేటు దగ్గర మా ఆయన కనిపించగానే ఏడుపొచ్చింది. ఒకే నల్లా కింద బిందెలు పెట్టుకునే వాళ్లం. బోనాలకు వాళ్లింట్లో వండినది మా ఇంటికి, మా ఇంట్లో వండినది వాళ్లింటికి. పొద్దున లేస్తే అక్కా అని పిలిచే మనిషి. మెట్లు దిగి వచ్చి ఒక్క మాట చెబితే పోయేదానికి ఆఫీసుకు కాగితం పెడతాడా? ఇంటికి పోయి కడిగేస్తానన్నాను. మా ఆయన చాయ్ తాగించి, “లొల్లి పెట్టుకోకు. ముందు పోయి చూడు, ఆయన ఎట్ల పండుకుంటుండో,” అన్నాడు. ఆయన రోజూ కొట్లాడుకుని కోర్టుకొచ్చేవాళ్లనే చూస్తాడు. కొట్లాట మొదలు ఎక్కడో ఆయనకు తెలుసు.

మరునాడు పొద్దెక్కాక పైకి వెళ్లాను. డ్రైవర్ భార్య తలుపు తీసి, నన్ను చూసి మొహం తిప్పుకుంది. సంగతి ఆమెకు తెలుసని అర్థమైంది. లోపలికి చూశాను. కిటికీకి తడి దుప్పటి కట్టి ఉంది. మంచం మీద అతను చెవుల్లో దూది పెట్టుకుని, మొహం మీద తువ్వాలు వేసుకుని పడుకున్నాడు. నా మోటారు ఆగి అప్పటికి చాలా రోజులైంది. ఆ దూది మాత్రం అతనికి అలవాటైపోయింది. తిట్టాలని మెట్లెక్కినదాన్ని, అతని నిద్ర చెడుతుందేమోనని గుసగుసగా మాట్లాడాను. సాయంత్రం వస్తానని చెప్పి దిగిపోయాను.

సాయంత్రం అతనే కిందికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

“నువ్వేనా తమ్మీ?” అన్నాను.

“నేనే అక్కా,” అన్నాడు. “ఓ రాత్రి స్టీరింగ్ మీద కన్ను మూతవడ్డది. బస్సు నిండ మంది ఉన్నరు. లారీవాడు హారన్ కొట్టిండు కాబట్టి సరిపోయింది. ఇగ నాకు భయమైంది,” అన్నాడు.

“నాకు చెప్పొచ్చు గదా?”

“ఏమని చెప్పాలె? నీ పని బంద్ చేసుకోమని నీ మొఖం మీద ఎట్ల అనాలె అక్కా? నోరు రాలే. గందుకే కాగితం రాసిన. పేరు తెల్వకుండ ఆఫీసోళ్లే ఆపుతరనుకున్న.”

నా కోపం అలాగే ఉంది గానీ, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. బస్సులో నిద్రపోతున్న మనుషులు కళ్ల ముందు కనిపించారు. లోపలికి వచ్చి కూర్చోమని ఈసారి గట్టిగా అన్నాను. కూర్చున్నాడు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయనకూ, అతనికీ చాయ్ పెట్టాను.

చాయ్ తాగుతూ అతనే గది నాలుగు వైపులా చూశాడు. బల్ల దగ్గరికి వెళ్లి, ఒకసారి మోటారు వేయమన్నాడు. నోటీసు ఉంది, వేయకూడదన్నాను. ఫిర్యాదు చేసింది నేనే కదా, వేయి అన్నాడు. ముగ్గురం నవ్వాం. మా ఆయనను పైకి పంపి, మోటారు వేశాను. కింద వింటే పెద్ద చప్పుడేమీ లేదు. కుట్టుమిషను పాటిది. మా ఆయన పై నుంచి దిగివచ్చి, ఇక్కడికంటే పైనే ఎక్కువ వినిపిస్తోంది, మంచం కూడా వణుకుతోంది అన్నాడు.

డ్రైవర్ బల్లకూ గోడకూ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. బల్ల మేకులతో గోడకు బిగించి ఉంది. ఆ గోడే పైకి పోయి, అతని తలాపు గోడ అవుతుంది. మోటారు గిర్రుమన్నప్పుడల్లా గోడ పట్టుకుని ఆ వణుకు నేరుగా అతని తలగడలోకి ఎక్కుతోంది. ఇన్నాళ్లూ పుర్రెలోపల ఈగ తిరిగినట్టుండేదని చెప్పాడు.

మరుసటి రోజు అతను డిపో దగ్గర మెకానిక్ షాపు నుంచి పాత టైరు ముక్కలు తెచ్చాడు. నిద్ర మానుకుని మరీ తెచ్చాడు. మా ఆయన, అతను కలిసి మేకులు పీకి, బల్లను గది మధ్యకు జరిపి, కాళ్ల కింద టైరు ముక్కలు కోసి పెట్టారు. మోటారు కింద ఇంకో ముక్క. దుమ్ము లేవకుండా మోటారు చుట్టూ చెక్కపెట్టె కట్టించి, కిటికీకి ఫ్యాను పెట్టించుకున్నాను. అతని భార్య పైన గోడకు చెవి ఆనించి, ఇంకా వస్తోంది, తగ్గింది, ఇప్పుడు లేదు అంటూ మెట్ల మీద నుంచి కేకలు వేసింది. టైరు ముక్క ఇటు జరుపుతూ, అటు జరుపుతూ ఆ పూటంతా గడిపాం. చివరికి ఆమె, మోటారు ఆపిండ్రా ఏంది అని అడిగింది. మోటారు నడుస్తూనే ఉంది. మా ఆయన, డ్రైవర్ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నారు. మెరుగు పెట్టే పని సాయంత్రాలే చేస్తానని నేను మాటిచ్చాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని అతను మాటిచ్చాడు. అన్నట్టే తీసుకున్నాడు.

ఇక అంతా అయిపోయినట్టేనని ఓనరమ్మ దగ్గరికి సంతకానికి వెళ్లాను. ఆమె చెయ్యనంది.

అలా అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా దవడలు చూసి నవ్వినామె. ఒంట్లో బాగాలేనప్పుడు నా చేతి గంజి తాగినామె. ఎంత అడిగినా మంచం కోడు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. రేపు ఈ ఇల్లు కమర్షియల్ అని రాసుకుంటారు, పన్నులు పెంచుతారు, దుకాణం పెట్టినానని నువ్వు నా ఇంట్లోంచి కదలవు, నా ఇల్లు నాకు కాకుండా పోతుంది. ఇదీ ఆమె భయం. మా ఆయన సర్దిచెప్పబోయి అఫిడవిట్ అనీ, కోర్టు అనీ ఏవో మాటలు వాడాడు. కోర్టు అన్న మాట వినగానే ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

రెండు మూడు రోజులు ఆమె మాతో మాట్లాడలేదు. ఆలోచించాను. ఆమెకు నా మాట చాలదు. అద్దెకున్నదాన్ని, నా అవసరం నాది. ఇల్లు ఎక్కడికీ పోదన్న మాట చెప్పాల్సినవాళ్లే చెప్పాలి. వెళ్లి ఆమె తలుపు తట్టి, అమ్మా, సంతకం అడగను, నాతో ఆఫీసుకు వచ్చి ఆ మేడంను నువ్వే అడుగు, ఆమె చెప్పింది నచ్చకపోతే నా మోటారు అమ్మేస్తాను అన్నాను. చాలాసేపటికి తలుపు తెరిచింది. చీర మార్చుకుని ఉంది.

ఆటోలో తీసుకెళ్లాను. ఆఫీసరమ్మ ఆమెను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుంది. ఇల్లు ఇల్లుగానే ఉంటుందనీ, అనుమతి ఈ మనిషికి, ఈ పనికి, ఈ ఒక్క గదికి మాత్రమేననీ, వీళ్లు ఖాళీ చేసిన రోజున అదీ పోతుందనీ, అద్దె ఒప్పందం మీద దానికి ఏ అధికారమూ లేదనీ నిదానంగా, ఓనరమ్మకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. ఓనరమ్మ చెప్పిందే మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఉన్నట్టుండి ఇలా అడిగింది.

“నేను గూడ గా ముంగటి అర్రలనే బీడీలు చుట్టిన బిడ్డా. మా గల్లీ ఆడోళ్లమంత ఒక్కకాడ కూసోని చుట్టేటోళ్లం. గా పైసలతోనే పైన అర్ర కట్టినం. ఎవ్వర్ని అడగలే. అప్పుడు నేను తప్పు చేసిన్నా?”

“లేదమ్మా. మీలాంటివాళ్లు ఇంట్లో కూర్చుని పని చేసుకోవాలనే ఈ వీలు పెట్టింది. ఇప్పుడు దానికొక కాగితం ఉంటే, ఎవరొచ్చి ఏమన్నా చూపించుకోవచ్చు,” అంది ఆఫీసరమ్మ.

ఓనరమ్మ పెన్ను అడిగింది. వేలిముద్ర వేస్తుందేమోనని ఆఫీసరమ్మ ఇంకు డబ్బా జరిపితే, దాన్ని పక్కకు తోసేసి, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేసింది. బయటికొచ్చాక, నా చేతిని పట్టుకుని, జర మిర్చి బజ్జీ తినిపియ్యి అంది. పళ్లు ఉన్నవి కొన్నే అయినా, ఎంత ఇష్టంగా తిన్నదో.

ఇల్లు చూడటానికి ఆఫీసరమ్మ వచ్చిన రోజు మా గల్లీలో పండగ వాతావరణమే. నేను ముందురోజే గది కడిగి, పెట్టెలన్నీ తుడిచి పెట్టుకున్నాను. ఆమెతో పాటు టేపు పట్టుకున్న మనిషి ఒకాయన వచ్చి గది పొడవు వెడల్పు కొలిచాడు. వంటగది, పడకగది చూసి, ఇక్కడ కాపురం ఉంటున్నారని రాసుకున్నాడు. గులాబీరంగు ముద్ద కలపడానికి వాడే, మంట అంటుకునే మందు ఎక్కడ పెడతారని ఆఫీసరమ్మ అడిగింది. స్టవ్వుకు దూరంగా, చిన్న సీసాలో, తాళం వేసిన గూట్లో పెట్టింది చూపించాను. అప్పటికే గడప ముందు జనం. పక్కింటామె అందరికంటే ముందు. దవడలు ఎట్లా చేస్తానో వెనకాల ఉన్నవాళ్లకు ఆమే వివరించి చెబుతోంది.

ఆఫీసరమ్మ నన్ను మోటారు వేయమని చెప్పి పైకి వెళ్లింది. ఆమె వెనకాలే సగం గల్లీ మెట్లెక్కింది. నేను కిందే ఉండిపోయాను. పైన జరిగింది మా ఆయన చెప్పగా విన్నదే. డ్రైవర్‌ను అతని మంచం మీద, తలగడ గోడకు ఆనించి, రోజూ ఎట్లా పడుకుంటాడో అట్లాగే పడుకోమందట. అతను అంతమంది ముందు సిగ్గుపడుతూ పడుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. చివరికి అతనే లేచి కూర్చున్నాడు.

“అయితే ఇగ మోటరు షురూ చెయ్యమనుండ్రి మేడం. వింట,” అన్నాడు.

“మోటారు నడుస్తూనే ఉంది,” అందట ఆఫీసరమ్మ.

ఒక్కసారిగా పై నుంచి వచ్చిన నవ్వు కింద నాకు వినిపించింది. మోటారు చప్పుడును మించి వినిపించింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా, గెలిచానని తెలిసింది. చేతిలో ఉన్న సెట్టును వదలకుండా, ఆ పై పలువరుసకు మెరుగు పెట్టడం పూర్తి చేశాను. మెట్లు దిగి వచ్చిన ఆఫీసరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. ఇది ఎవరికమ్మా అని అడిగింది. పేరు తెలియదు మేడం, కింది దవడ ఎడమవైపు కొంచెం వాలి ఉంటుంది, అటు పక్కనే నములుతారు, అంతవరకే తెలుసు అన్నాను. ఆమె దాన్ని జాగ్రత్తగా నీళ్ల గ్లాసులో పెట్టింది.

అనుమతి కాగితం వచ్చిన రోజు మా ఆయన దాన్ని కోర్టులో అందరికీ చూపించి, ఆలస్యంగా ఇంటికి వచ్చాడు. పైవాళ్లింట్లో నుంచి బగారన్నం వచ్చింది. నేను చేసిన డబల్ కా మీఠా పైకీ, వెనక్కీ, పక్కింటికీ వెళ్లింది. బోర్డు పెట్టుకోవచ్చు, చిన్నదే ఉండాలని నిబంధన. పళ్ల బొమ్మ వేయించబోతే ఓనరమ్మ అడ్డుపడింది. పొద్దున లేవగానే పళ్లికిలించిన బోర్డు మొఖం చూడలేనంది. అందుకని అక్షరాలే రాయించాను. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో. దాన్ని డ్రైవరే నిచ్చెనేసుకుని తగిలించాడు. వంకరగా ఉందని గల్లీ అంతా తలో మాట చెబుతుంటే, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు జరుపుతూనే ఉన్నాడు. నేను గల్లీ మధ్యలో నిలబడి, తల పైకెత్తి చూశాను. నోటీసు అందుకున్న రోజున కూడా ఇదే జనం ఇవే గడపల్లో నిలబడి నన్ను చూశారు. ఇప్పుడు నేను వాళ్లందరి మొహాల్లోకీ చూడగలిగాను.

ఆ తర్వాత నా దగ్గరికి డాక్టర్ల మనుషులే కాకుండా, మా గల్లీ ఆడవాళ్లు కూడా రావడం మొదలైంది. చీరలకు ఫాల్స్ కుట్టే ఆమె, ఇంట్లో కారప్పొడులు పట్టి అమ్మే ఆమె, ఇంకా కొందరు. ఇన్నాళ్లూ అందరూ తలుపులు దగ్గరగా వేసుకుని, ఎవరు చూస్తారోనని భయపడుతూ పనిచేసుకున్నవాళ్లే. నీకిచ్చిన పర్మిషన్ మాకూ ఇస్తరా అక్కా అని అడిగారు. కారప్పొడులామె మరీ భయస్తురాలు. మిషను ఘాటుకు పక్కవాళ్లు దగ్గుతున్నారని ఆమె బాధ. ముందు పక్కవాళ్లను పిలిచి చాయ్ తాగించు, ఘాటు ఎక్కడ నుంచి పోతుందో వాళ్లతోనే చూపించు అన్నాను.

పోయిన వారం ఆమెను వెంటబెట్టుకుని నేనే ఆఫీసుకు వెళ్లాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆఫీసరమ్మ తలెత్తి మమ్మల్ని చూసి, రెండు కుర్చీలు వేయించింది. నేను ముందు వెళ్లి కూర్చుని, ఆమె కోసం పక్క కుర్చీని దగ్గరికి లాగాను.